హోటల్లో తినడం కూడా స్త్రీవాదమేనా?

ఆ మధ్య ఒక సాహిత్య సమావేశంలో మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆడవాళ్ళు బయట కూచుని తినడం గురించి ఒక వ్యాసం రాయాలనుకుంటున్నానని మాటవరసకి అన్నాను. పక్కనే ఉన్న మిత్రురాలు, పేరున్న విమర్శకురాలే, పకపకా నవ్వింది. ‘‘హోటల్లో తినడం కూడా స్త్రీవాదమేనా? రేపు షాపింగ్ మాల్‌కి వెళ్ళడం గురించి రాస్తావా, ఎల్లుండి బ్యూటీ పార్లర్ గురించా?’’ అంది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వేయడం మనకి బాగా అలవాటు కదా!

మేం తిని చేతులు కడుక్కుని రెండో సెషన్‌కి వెళ్తుంటే, అంతసేపూ మాకు వడ్డించిన ఇద్దరు ఆడవాళ్ళు మెట్లమీద కూచుని గిన్నెల అడుగున మిగిలింది తింటున్నారు. పప్పు అయిపోయింది. పెరుగుతో సరిపెట్టుకుంటున్నారు. రెండో సెషన్ అంశం ‘అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ’. నేను అందులో పత్రం చదివాను. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

అప్పటినుంచీ ఆ నవ్వుకి జవాబు చెప్పాలని ఉంది. ఆ నవ్వులో నా నవ్వూ ఉంది కాబట్టి ఈ జవాబు నాకు నేను చెప్పుకునేది కూడా.

మనం వంటింటి గురించి చాలా రాశాం. విమల ‘వంటిల్లు’ చదివి వణికిపోని వాళ్ళు మా తరంలో లేరు. మసి, పొగ, అంట్లు, అమ్మ చేతి గాజులు... ఇవన్నీ మన కవిత్వంలోకి వచ్చాయి. రావలసిందే. కానీ వంటింట్లోంచి బయటికొచ్చిన ఆడది ఎక్కడ కూచుని తింటుంది? ఆమెకి ఎవరు వడ్డిస్తారు? ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయాం. ఆగిపోవడమే కాదు, కొందరం వెనక్కి కూడా నడిచాం. ఈమధ్య ఏ పత్రిక తిరగేసినా ‘అమ్మమ్మ చేతి గోంగూర’, ‘నాయనమ్మ ఉలవచారు’ అంటూ జ్ఞాపకాలు. ఆ అమ్మమ్మకి ఎప్పుడైనా ఎవరైనా వండి పెట్టారా అని ఆ జ్ఞాపకాల్లో ఒక్కరూ అడగరు. వంటింటిని చెర అన్నవాళ్ళమే ఆ చెరలో వండిన కూరకి ఇంకా లొట్టలేస్తున్నాం.

నేను నల్గొండ జిల్లా నుంచి ఉస్మానియా యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చింది 1986లో. ఒక ఆదివారం సాయంత్రం ముగ్గురం అమ్మాయిలం ఉప్పల్ వైపు వెళ్ళి, వాన పడుతుంటే ఒక ఇరానీ హోటల్లోకి దూరాం. లోపల మగవాళ్ళంతా చాయ్ సాసర్లోంచి తలెత్తి చూశారు. సర్వర్ పరుగున వచ్చి ‘‘ఫ్యామిలీ రూం అటు’’ అన్నాడు. వెనక చెక్క గది, ఆకుపచ్చ కర్టెను, ఆ కర్టెన్ నిండా ఎవరెవరో చేతులు తుడుచుకున్న జిడ్డు. మేం కూచోబోతుంటే ‘‘ఫ్యామిలీ వస్తున్నారా?’’ అని అడిగాడు. మాకు అర్థం కాలేదు. అతని దృష్టిలో ఫ్యామిలీ అంటే మగవాడు! ఒక్క మగవాడొచ్చి కూచుంటే అది ఫ్యామిలీ. ముగ్గురు ఆడవాళ్ళు కలిసినా అది ఫ్యామిలీ కాదు. ఉస్మానియా బిస్కెట్లు నమిలి, చాయ్ గబగబా తాగేసి బయటపడ్డాం. వాన ఇంకా వెలవలేదు.

ఇప్పుడు కర్టెన్లు పోయాయి. ఏసీ హాళ్ళు వచ్చాయి. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర మెట్రో స్టేషన్ 2017లో వచ్చింది, స్కైవాక్ 2023లో వచ్చింది, ఆ ఏడాది డిసెంబరు నుంచి మనకి బస్సులో జీరో టికెట్ కూడా వచ్చింది. ఆడవాళ్ళు ఊరంతా తిరుగుతున్నారు. కానీ ఒక్కర్తే ఆడమనిషి హోటల్లో టేబుల్ ముందు తీరిగ్గా కూచుని అన్నం తింటుండగా మీరు ఎన్నిసార్లు చూశారు? టిఫిన్ కాదు, అన్నం. నాచారంలో సాయంత్రం ఏడింటికి ఏ కర్రీ పాయింట్ దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. మగవాళ్ళు వచ్చి ‘‘పప్పొకటి, ఫ్రై ఒకటి’’ అని కట్టించుకుని పోతారు. ఆడవాళ్ళు మాత్రం కారణం చెప్తారు. ‘‘ఇవాళ కొంచెం ఒంట్లో బాలేదండీ’’, ‘‘డ్యూటీలో లేటయింది’’, ‘‘గ్యాస్ అయిపోయింది’’. ఎవరూ అడగలేదు! అయినా చెప్తారు. ఇరవై రూపాయల కూరకి సంజాయిషీ ఇచ్చుకుంటారు. ఇండస్ట్రియల్ ఏరియాలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి కూడా ఇస్తుంది. ఇది స్త్రీవాదం కాకపోతే మరేది స్త్రీవాదమో నాకు తెలీదు.

అసలు విషయానికొస్తాను. మా చెల్లెలి కూతురు ఫిలిప్పీన్స్‌లో దావావోలో మెడిసిన్ చదివి వచ్చింది. మన దగ్గర సీటు రాక, కొనుక్కునే స్తోమత లేక అక్కడికి వెళ్ళే పిల్లలు ఎందరో మీకు తెలుసు. వెళ్ళిన కొత్తలో అది ఫోన్ చేసి ఏడ్చేది, ‘‘పెద్దమ్మా, ఇక్కడ అన్నీ నీచు వాసన’’ అని. అక్కడ మన పిల్లల కోసం ఇండియన్ మెస్సులున్నాయి. పప్పు, సాంబారు, ఆదివారం చికెన్. చాలామంది పిల్లలు ఐదారేళ్ళూ ఆ మెస్సు దాటి బయట ముద్ద ముట్టకుండానే డాక్టర్లై తిరిగి వస్తారు. ఇదేమో రెండో ఏడు ఒక క్లాస్‌మేట్ ఇంటికి వెళ్ళి, వాళ్ళమ్మ పెట్టిన పులుసు తిని మారిపోయింది. ఆమె గుమ్మంలోనే పలకరించిందట. ‘‘కుమాయిన్ కా నా?’’ అంటే ‘తిన్నావా?’ అని. ‘‘పెద్దమ్మా, మనం ‘భోంచేశారా’ అని అడిగినట్టే అడిగింది, నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి’’ అంది.

లైసెన్స్ పరీక్ష పాసైన రోజున ఏం కావాలంటే ‘‘సినిగాంగ్ తినాలి, బయట కూచుని తినాలి’’ అంది. ఇద్దరం ఉప్పల్ నుంచి హబ్సిగూడ, అక్కణ్ణుంచి నాచారం దాకా తిరిగాం. మాకు దొరకలేదు. చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండ్లు వీధికి నాలుగున్నాయి. కొరియన్ అని బోర్డులొచ్చాయి. అరేబియన్ మండీలైతే లెక్కలేనన్ని. కింద పరుపులు, పెద్ద పళ్ళెం, చుట్టూ నలుగురు. అప్పుడు తట్టింది నాకీ ప్రశ్న. యెమెన్ వంట ఉప్పల్ దాకా ఎలా వచ్చింది? నిజాం సైన్యంలో కొలువుకొచ్చిన హద్రమీ అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. తర్వాత మన మగవాళ్ళు గల్ఫ్ వెళ్ళి వచ్చారు. మండీ అలా వచ్చింది. అంటే మగవాడు వలస పోయి వస్తే ఊళ్ళోకి ఒక హోటల్ వస్తుందన్నమాట. మరి ఆడవాళ్ళు పోలేదా? కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఆడవాళ్ళు కువైట్ వెళ్ళలేదా? ఎక్కడ పనిచేశారు వాళ్ళు? వంటింట్లోనే! ఆ వంటింట్లో వాళ్ళ పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగింది ఎవరు? ఫిలిప్పైన్ ఆడవాళ్ళు. ఇన్నేళ్ళు ఒక పొయ్యి దగ్గర నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఏ వంటా చేతులు మారలేదా?

మారింది. చెప్తాను.

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రికి అంత దూరం కాని ఒక సందులో ఒకావిడ కర్రీ పాయింట్ నడుపుతుంది. తూర్పు గోదావరి మనిషి. 2007లో ఇరవై నంబర్ వీసా మీద కువైట్ వెళ్ళింది. ఆ నంబర్ అంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెప్తున్నాను, అది ఇంటిపని వీసా. అక్కడి మాటలో ‘ఖద్దామా’. పన్నెండేళ్ళు చేసి 2019లో తిరిగొచ్చింది. కొడుకు ఇక్కడ ఫ్యాక్టరీలో చేరితే తనూ ఇక్కడికే వచ్చింది. నేను ఆవిడ దగ్గర అప్పుడప్పుడూ కూర కట్టించుకుంటాను. అవును, కారణం చెప్పే కట్టించుకుంటాను! ఆ సాయంత్రం మాటల్లో మా పిల్ల సినిగాంగ్ పేరెత్తగానే ఆవిడ గరిటె ఆపి ‘‘చింతపండుదా, జాంకాయదా?’’ అని అడిగింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు. చింతపండుతోనే కాదు, జాంకాయతో, పచ్చి మామిడితో కూడా ఆ పులుసు చేస్తారట. కువైట్‌లో తనతో ఒకే గదిలో తొమ్మిదేళ్ళున్న సెబు అమ్మాయి నేర్పిందట. ‘‘నేను దానికి రొయ్యల ఇగురు నేర్పానమ్మగారూ, అది నాకిది నేర్పింది. మామాకి తెలీకుండా రాత్రి పదకొండింటికి మా ఇద్దరికీ వండుకునేవాళ్ళం’’ అంది. మామా అంటే యజమానురాలు.

ఆదివారం రమ్మంది. వెళ్ళాం. నాతోపాటు ఆ నవ్విన మిత్రురాల్ని కూడా లాక్కెళ్ళాను. షట్టర్ ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పక్క కిరాణా కొట్టు నుంచి తెచ్చిన ఇంకో రెండు, నీళ్ళ డ్రమ్ము మీద చెక్క పెట్టి టేబులు. రొయ్యలు, ముల్లంగి, బెండకాయ, అలసంద కాయలు, చింతపులుసు. తూటికూర వెయ్యాలట, దొరక్క పాలకూర వేసింది. పసుపు లేదు, పోపు లేదు. మొదటి ముద్దకి నాకు ఏదో మర్చిపోయినట్టే అనిపించింది. మూడో ముద్దకి అలవాటైంది. నాలుగో ముద్దకి మా మిత్రురాలు ‘‘ఇంకొంచెం పోస్తావా అమ్మా’’ అంది. తర్వాత చికెన్ అడోబో. వెనిగరు, సోయా సాసు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, మిరియాలు. వెనిగరు, సోయా సీసాలు ఎదురుగా ఉన్న ఫ్రైడ్ రైస్ బండి అబ్బాయి దగ్గర బదులు తెచ్చింది. వాళ్ళ చికెన్ చారులో మునగాకు వేస్తారని మా పిల్ల చెప్తుంటే, పక్కింటావిడ నమ్మలేక రెండుసార్లు అడిగింది.

డోరీన్ ఫెర్నాండెజ్ అని ఫిలిప్పీన్స్‌లో ఒక సాహిత్య అధ్యాపకురాలుండేది. 2002లో పోయింది. నాటకాల మీద పరిశోధన చేసిన మనిషి, అంతే శ్రద్ధగా పులుసుల మీద, వీధి తిండి మీద రాసింది. 1994లో ‘తికిమ్’ అని పుస్తకం తెచ్చింది. ఆమెనెవరూ ‘తిండి కూడా సాహిత్యమేనా’ అని నవ్వినట్టు లేరు. అక్కడ గిన్నెలు వరసగా పెట్టి, వచ్చినవాళ్ళు వేలుతో చూపిస్తే వడ్డించే చిన్న హోటళ్ళని ‘తూరో తూరో’ అంటారు. తూరో అంటే చూపించడం. మన ‘కర్రీ పాయింట్’లో పాయింట్ ఎందుకొచ్చిందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు గానీ, ఈ మాట విన్నాక భలే కుదిరిందనిపించింది. ఇంకో తమాషా. 1762లో ఇంగ్లీషువాళ్ళు మనీలా మీదికి మద్రాసు నుంచి సిపాయిల్ని తీసుకెళ్ళారు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగిరాకుండా మనీలా పక్కన కైంటా అనే ఊళ్ళో ఉండిపోయారు. వాళ్ళ కరే-కరే అనే కూరకి ఆ సిపాయిల కూరే మూలమని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. అక్కడా కూర పేరు మగ సిపాయిలకే దక్కింది, వాళ్ళని పెళ్ళాడి రోజూ పొయ్యి ముందు కూచున్న ఆడవాళ్ళు కథలో లేరు!

‘మన తిండి మనది, వాళ్ళ తిండి మనకెందుకు’ అనేవాళ్ళకి ఒక మాట. మీ కంచంలో అన్నం ఎవరిది? ఫిలిప్పీన్స్‌లోని లోస్ బన్యోస్‌లో పుట్టిన ఐఆర్-8 వరిని 1967లోనే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి దేశానికి చూపించాడు. మనం మురిపెంగా తినే సాంబా మసూరి, బాపట్లలో తయారైన బీపీటీ 5204, దాని తల్లిదండ్రుల్లో ఒకటి మలేసియాది, ఒకటి తైవాన్‌ది. గింజ సముద్రం దాటి వస్తే అది మన సంస్కృతి. ఆడమనిషి సముద్రం దాటి ఒక పులుసు తెస్తే అది నీచు వాసన!

వాసన మాట ఊరికే అనలేదు. మేం తింటుండగానే మేడ మీద నుంచి ఇంటి యజమాని దిగొచ్చాడు. ‘‘ఏందిది కొత్త వాసన? పంది గింది వండుతున్నావా?’’ అన్నాడు. ఆవిడ గబగబా గిన్నె మూత తీసి రొయ్యలు చూపించింది. పరీక్షకి కూచున్న పిల్లలా చూపించింది. ఒకవేళ పందే అయితే ఏం? వాళ్ళ సినిగాంగ్‌లో ఎక్కువగా వేసేది పంది మాంసమే. ఇక్కడికి కూతవేటు దూరంలో ఉస్మానియాలో 2012లో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే ఎంత గొడవ జరిగిందో మర్చిపోలేదు కదా. ఎవరు ఏం తినాలో చెప్పే అధికారం ఎవరికుందో, ఎవరు ఎక్కడ కూచోవాలో చెప్పే అధికారం కూడా వాళ్ళకే ఉంటుంది. అద్దె కాగితంలో మాంసం వండకూడదని రాయించుకునే చేతులూ, హోటల్లో ఫ్యామిలీ రూం అటు అని చూపించే చేతులూ వేరు కాదు.

ఇక బ్యాంకు సంగతి. షట్టర్ లోపల నాలుగు బల్లలు వేసి, ఆడవాళ్ళు కూడా కూచుని తినేట్టు చేద్దామని ఆవిడ కోరిక. లోన్ కోసం ఒక బ్యాంకుకి వెళ్ళింది. ‘‘హోటల్ లైన్‌లో అనుభవం ఏమైనా ఉందా?’’ అని అడిగాడట ఆఫీసరు. పన్నెండేళ్ళు పధ్నాలుగు మంది ఉన్న ఇంట్లో వండానని చెప్పింది. రంజాన్ నెలలో రోజుకి నలభై మందికి. అరబ్బీ వంటలు, ఇంగ్లీషు కేకులు, ఫిలిప్పైన్ పులుసులు. ‘‘అది ఇంటిపని కదమ్మా, అనుభవం కింద రాయలేం’’ అన్నాడట. తర్వాత భర్త సంతకం అడిగాడు. ఆ భర్త ఈమె పంపిన డబ్బుతో ఇల్లు కట్టి అందులో ఇంకొకామెతో ఉంటున్నాడు. అదే పన్నెండేళ్ళు ఒక మగవాడు కువైట్ హోటల్లో గిన్నెలు కడిగి వస్తే ‘గల్ఫ్ రిటర్న్డ్ షెఫ్’ అని ఫ్లెక్సీ కట్టుకుంటాడు. చూశాం కదా!

ఇక్కడ మా మిత్రురాలు ఒక మంచి అభ్యంతరం చెప్పింది. ‘‘సరే, రేపు ఈమె హోటల్ పెడుతుంది. మనలాంటి వాళ్ళం వచ్చి కొత్త రుచి చూసి పోతాం. లోపల ఇంకో ఆడది అంట్లు తోముతుంది. నీ విముక్తి ఇంకొకరి నడుం మీద కూచుని తినడమేగా?’’ నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఇంట్లో తింటే ఆ నడుం లేదా? మా ఇంట్లో పదిహేనేళ్ళుగా ఒకామె వంట చేస్తోంది. వారానికొక సెలవు ఇవ్వాలని నాకు ఏనాడూ తోచలేదు. మనం అంతగా తిట్టుకునే కువైట్ 2015లోనే ఇంటిపనివాళ్ళకి చట్టం చేసింది. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి నెలరోజులు జీతంతో సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించని పని. అమలు ఎంతో అందరికీ తెలుసు, అయినా కాగితంమీదైనా ఉంది. మా హబ్సిగూడ అపార్ట్‌మెంట్‌లో కాగితమూ లేదు. మన దేశంలో ఇంటిపనివాళ్ళకి కేంద్ర చట్టం గురించి ఆలోచించమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఫిలిప్పీన్స్‌ని నేను ఆకాశానికెత్తడం లేదు. తన ఆడవాళ్ళని ఎగుమతి చేసి డాలర్లు లెక్కపెట్టుకునే ప్రభుత్వమే అది కూడా. కానీ 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఖాళీ ఫ్లాట్‌లో ఫ్రీజర్‌లో జోవన్నా దెమఫెలిస్ శవం దొరికినప్పుడు ఆ దేశం రోడ్డెక్కింది. కువైట్‌కి మనుషుల్ని పంపడం ఆపేసింది. మే నెలకల్లా పాస్‌పోర్టు, ఫోను లాక్కోకూడదని, సెలవు ఇవ్వాలని ఒప్పందం రాయించుకుంది. ఇంటిపనివాళ్ళ హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం, ఐఎల్ఓ 189ని ఆ దేశం 2012లోనే ఆమోదించింది. మనం ఇప్పటికీ ఆమోదించలేదు. మన ప్రభుత్వానికి తెలిసిందల్లా ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదని నియమం పెట్టడం. అంటే ఆడపిల్లని ఇంట్లో పెట్టి తాళం వెయ్యడం. ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎంచక్కా పంపుతూనే ఉన్నారు. ‘‘జీతం ఇవ్వకపోతే సెబు పిల్ల వాళ్ళ ఎంబసీకి ఫోన్ చేస్తానని బెదిరించేదమ్మగారూ, నేను దేవుణ్ణి మొక్కుకునేదాన్ని’’ అని ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

తినడం అయ్యాక మేం ఇంకాసేపు అక్కడే కూచున్నాం. చీకటి పడింది. కర్రీ కట్టించుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి, యూనిఫామ్ మీదే ఉంది, మా గిన్నెలోకి తొంగి చూసి ఏంటని అడిగింది. కుర్చీ ఇస్తే కూచుంది. కారణమేమీ చెప్పకుండా తింది.

బిల్లెంతంటే ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ‘‘మీ దగ్గర డబ్బులేంటమ్మగారూ, ఏదో సరదాకి చేశాను’’ అంది. తీసుకోకపోతే బ్యాంకాయన మాటే నిజమవుతుంది, ఇంటిపనే అవుతుంది అన్నాను. కాసేపు ఆలోచించింది. రొయ్యల ధర, చికెన్ ధర వేళ్ళమీద లెక్కేసుకుంది. మనిషికి అరవై అంది. మా పిల్ల ఒప్పుకోలేదు, మాల్‌లో థాయ్ సూప్ ఒక్కటే నాలుగు వందలంది. మా మిత్రురాలు రెండు వందలంది. చివరికి నూట యాభై దగ్గర తేలింది. కూచున్న అమ్మాయిది వద్దంటుంటే అది కూడా కలిపి ఆరు వందలు నోట్‌బుక్‌లో రాసింది. నా పర్సులో ఐదు వందల తొంభై ఉన్నాయి.

‘‘పది బాకీ’’ అంది ఆవిడ, నోట్‌బుక్‌లో నా పేరు రాసుకుంటూ.